పన్నెండు మంది కావాలి!

యాప్ తయారు చేయడం ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు ఇంజినీర్ల సొత్తు కాదు. కామారెడ్డిలో డిగ్రీ చదివే అమ్మాయి, ఎల్లారెడ్డిలో మొబైల్ షాపు నడిపే అబ్బాయి కూడా ఓ మామూలు ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, యూట్యూబ్ పాఠాలు చూసుకుంటూ, తీరిక వేళల్లో ఒక యాప్ రాసేయగలరు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఫ్లటర్ లాంటి పనిముట్లు ఉచితం. కోడ్ ఎక్కడైనా ఆగిపోతే సాయం చెయ్యడానికి ఏఐ ఉంది. ప్లేస్టోర్‌లో డెవలపర్ ఖాతాకు ఒకే ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. అసలు చిక్కు ఇవన్నీ అయ్యాక వస్తుంది. మీ యాప్‌ను వాడి చూసినవాళ్లు ఎవరని గూగుల్ అడుగుతుంది.

2023 నవంబర్ 13 తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు తమ యాప్‌ను నేరుగా జనంలోకి వదలడానికి వీల్లేదు. ముందుగా 'క్లోజ్డ్ టెస్టింగ్' జరిపి తీరాలి. అంటే డెవలపర్ ఎంచుకున్న కొద్దిమందికి మాత్రమే యాప్ కనిపిస్తుంది, వాళ్లే వాడి చూస్తారు. మొదట్లో ఇందుకు కనీసం 20 మంది ఉండాలన్నారు. 2024 డిసెంబర్‌లో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. ఈ పన్నెండు మందీ వరసగా 14 రోజులు టెస్టర్లుగా కొనసాగాలి. మధ్యలో ఒకరు తప్పుకున్నా లెక్క చెడుతుంది. ఆ గడువు దాటాక దరఖాస్తు పెట్టుకోవాలి. టెస్టర్లను ఎలా సంపాదించారు, వాళ్లు యాప్‌ను ఎలా వాడారు, ఏం లోపాలు చెప్పారు, మీరు ఏం మార్చారు అన్న ప్రశ్నలకు అందులో జవాబులు రాయాలి. టెస్టర్లు యాప్‌ను నిజంగా వాడలేదని తేలితే మళ్లీ మొదటికే.

ఐఫోన్ దారి వేరు. యాపిల్ ఏడాదికి 99 డాలర్లు తీసుకుంటుంది, టెస్ట్‌ఫ్లైట్ అనే ఏర్పాటు ద్వారా 10,000 మంది దాకా బయటి టెస్టర్లను అనుమతిస్తుంది. కానీ మన చిన్న పట్టణాల్లో ఎక్కువ చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనే. కాబట్టి ఇక్కడి కుర్రకారుకు ఎదురయ్యే మొదటి గడప ఈ పన్నెండు మందే.

పెద్ద కంపెనీలో పనిచేసే ఇంజినీరు పక్క సీట్లవాళ్లను అడిగి ఒక పూటలో ఈ లెక్క పూర్తి చేస్తాడు. కామారెడ్డిలో ఒంటరిగా యాప్ రాసినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. దాంతో చాలామంది అడ్డదారి పడతారు. డబ్బు తీసుకుని పన్నెండు మందిని సమకూర్చే సేవలు ఇంటర్నెట్‌లో బోలెడున్నాయి. 'మీ యాప్ నేను వేసుకుంటా, నా యాప్ మీరు వేసుకోండి' అని డెవలపర్లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడమూ ఉంది. లెక్క నిండుతుంది గానీ, యాప్‌లో ఏం లోపముందో చెప్పే మనిషి మాత్రం దొరకడు. ఎందుకంటే ఆ యాప్‌తో వాళ్లకు పనే లేదు. ఆ యాప్ అవసరమున్నవాళ్లు సొంత ఊళ్లోనే ఉంటారు. చిన్న పట్టణంలో వాళ్లను కలవడం మహానగరంలో కంటే సులువు కూడా.

లింకు పంపితే ఎందుకు నొక్కరు?

యాప్ రాసినవాళ్లు మామూలుగా చేసే మొదటి పని యాప్ ఫైలును, అంటే ఏపీకేను, వాట్సాప్ గ్రూపులో పెట్టడం. దాన్ని ఎవరూ ముట్టుకోరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పీఎం కిసాన్ పేరుతో, ఆర్టీఓ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్లు నొక్కి ఖాతాల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. తెలియని ఏపీకే తెరవొద్దని పోలీసులు పదేపదే చెబుతున్నారు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని ప్రచారం చేస్తున్నారు. ఇన్ని హెచ్చరికలు విన్న మనిషి మన ఫైలును తెరవకపోవడమే మంచిది. తెరవమని బలవంతపెట్టడమంటే మోసగాళ్ల పని సులువు చేయడమే.

అందుకే టెస్టింగ్‌కు ఏపీకే పంపకూడదు. గూగుల్ ప్లే ఇచ్చే ఆహ్వాన లింకే పంపాలి. ముందు టెస్టర్ల జీమెయిల్ చిరునామాలను డెవలపర్ ఖాతా పేజీ అయిన ప్లే కన్సోల్‌లో జాబితాగా చేర్చాలి. వాళ్లు లింకు తెరిచి టెస్టర్‌గా చేరతామని ఒప్పుకోవాలి. ఆ తర్వాత యాప్ మామూలుగా ప్లేస్టోర్ నుంచే దిగుతుంది.

చదవడానికి ఇంత తేలిక. ఎదురుగా కూర్చుని చేయిస్తే తెలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుందో. 'మీ జీమెయిల్ ఏంటి?' అని అడగగానే చాలామంది నోట మాట రాదు. ఫోన్ కొన్న రోజు షాపతను ఖాతా తెరిచి ఇచ్చాడు, అందులో ఏముందో వాళ్లకు తెలియదు. అప్పుడు ప్లేస్టోర్ తెరిచి, పైన కుడివైపు మూలనున్న గుండ్రటి బొమ్మ నొక్కితే ఆ చిరునామా కనిపిస్తుంది. ఒకే ఫోన్‌లో రెండు మూడు ఖాతాలుంటే జాబితాలో చేర్చిన ఖాతాతోనే లింకు తెరవాలి. లేదంటే యాప్ దొరకలేదన్న సందేశం వస్తుంది. ఇంకో చిక్కు గల్ఫ్‌తో వస్తుంది. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు ఎందరో. 'మా అన్న అక్కడ ఉన్నాడు, అతన్నీ చేర్చుకో' అంటారు. టెస్టింగ్‌కు ఎంచుకున్న దేశాల జాబితాలో యూఏఈ, ఒమన్ లేకపోతే ఆ అన్న ఫోన్‌లో యాప్ దిగకపోవచ్చు. ఇలాంటివి సరిచూసుకోవడానికి ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు కూర్చోవాల్సిందే.

కాబట్టి పన్నెండుతో సరిపెట్టుకోకుండా పదిహేను, ఇరవై మందిని చేర్చుకోవడం తెలివైన పని. ఎవరో ఒకరు ఫోన్ మారుస్తారు, ఎవరో ఒకరు మెమరీ నిండిందని యాప్ తీసేస్తారు. క్లోజ్డ్ టెస్టింగ్‌లో వచ్చే అభిప్రాయాలు డెవలపర్‌కు మాత్రమే కనిపిస్తాయి, ప్లేస్టోర్ రేటింగ్‌లో కలవవు. ఈ సంగతి ముందే చెబితే చుట్టాలు, స్నేహితులు మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు మాట్లాడతారు.

కల్లం దగ్గర తేలే లోపాలు

ఎవరిని అడగాలన్నది యాప్‌ను బట్టి ఉంటుంది. ఉదాహరణకు, వడ్లు అమ్మిన రైతు తనకు రావాల్సిన డబ్బు లెక్క చూసుకునే చిన్న యాప్ ఒకటి ఉందనుకుందాం. కామారెడ్డి జిల్లా వరి పండే నేల. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఎల్లారెడ్డికి దగ్గర్లోనే ఉంది. అంతకంటే ముందు కట్టిన పోచారం చెరువూ ఆ చుట్టుపక్కలదే. కోతలయ్యాక ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్ల కుప్పలు బారులు తీరుతాయి. ఈ యాప్‌కు టెస్టర్లు అక్కడే ఉన్నారు.

రైతు 63 బస్తాలు తూకం వేయించాడు. బస్తా 40 కిలోలు. మొత్తం 25 క్వింటాళ్ల 20 కిలోలు. 2025-26 సీజన్‌కు ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాకు రూ.2,389. అంటే రూ.60,202.80. సన్న వడ్లయితే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బోనస్ క్వింటాకు రూ.500 చొప్పున మరో రూ.12,600. యాప్ రాసినతను ఈ రెండూ కలిపి రూ.72,802.80 అని పెద్ద అక్షరాలతో చూపించి సంతోషిస్తాడు. తెర చూసిన రైతు వెంటనే అడుగుతాడు: 'మద్దతు ధర డబ్బులు ఒకసారి పడతాయి, బోనస్ ఇంకోసారి పడుతుంది. రెండూ కలిపి చూపిస్తే నాకు ఏది వచ్చిందో, ఏది రావాలో ఎట్ల తెలుస్తది?' ఈ ప్రశ్న కోడ్ ఎంత చూసినా తట్టదు. తేమ 17 శాతం దాటితే వడ్లు ఆరబెట్టుకు రమ్మంటారు, ఆ సంగతి నమోదు చేసే చోటే యాప్‌లో లేదని ఇంకొకరు చెబుతారు. తరుగు పేరిట తీసిన కిలోలు ఎక్కడ రాయాలని మరొకరు అడుగుతారు. ఇవన్నీ ఒక్క పూటలో బయటపడే సంగతులే.

నేల కొలత దగ్గర ఇంకో సమస్య. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో నమూనా చూసి పొలం విస్తీర్ణాన్ని ఎకరాలు, సెంట్లలో రాసుకుని ఉంటే కోస్తాలో సరిపోతుంది. కామారెడ్డిలో ఎకరాలు, గుంటలు. ఎకరానికి 40 గుంటలు. రెండెకరాల పది గుంటలను రైతు తన అలవాటు ప్రకారం 2.10 అని కొడితే యాప్ దాన్ని రెండెకరాల మీద ఎకరంలో పదో వంతు అనుకుంటుంది. నిజానికి అది రెండుంబావు ఎకరాలు. ఎకరానికి దిగుబడి ఎంతన్న లెక్క మొత్తం తప్పుతుంది.

తెలుగు అక్షరాల సంగతి ఎల్లారెడ్డి రైతుకే కాదు, తెలుగు యాప్ వాడే ప్రతివాళ్లకూ ఎదురయ్యేదే. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు చూసుకుని గీసిన బటన్లలో తెలుగు పెడితే ఒత్తులు కింద తెగిపోతాయి. 'విస్తీర్ణం' అన్న మాటలో త ఒత్తు, ణ ఒత్తు సగమే కనిపిస్తాయి. ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది చేసుకున్న పెద్దవాళ్ల దగ్గర బటన్ మీద మాట మొత్తమే మాయమవుతుంది. డెవలపర్ ఫోన్‌లో అన్నీ చక్కగా ఉంటాయి. ఎందుకంటే అది కొత్త ఫోను, చిన్న అక్షరాలు, గదిలో ట్యూబ్‌లైటు. కల్లం దగ్గర ఎండ. తెర మసకబారుతుంది, వేళ్లకు దుమ్ము. నాలుగేళ్ల కిందటి ఫోనులో మెమరీ నిండిపోయి ఉంటుంది.

నెట్ సంగతి కూడా చూడాలి. 2025 ఆగస్టు ఆఖర్లో కామారెడ్డి జిల్లాను వానలు ముంచెత్తాయి. రోడ్లు తెగిపోయాయి, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. అలాంటి రోజున సిగ్నల్ లేకుండా యాప్ తెరుచుకుంటుందా, ముందు రాసుకున్న లెక్క కనిపిస్తుందా? టెస్టర్ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరిపిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇందుకు వందల మంది అక్కర్లేదు. వాడకందారుల పరీక్షల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జాకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పాడు. ఐదుగురు యాప్‌ను వాడుతుండగా జాగ్రత్తగా గమనిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయి. పదిహేను మంది దొరికితే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టొద్దని, ఐదుగురితో చూసి, సరిచేసి, మరో ఐదుగురి దగ్గరికి వెళ్లమని ఆయన సలహా. గూగుల్ అడిగే పన్నెండు మందిని కూడా ఇలా విడతలుగా కలిస్తే నిబంధన తీరుతుంది, యాప్ కూడా బాగుపడుతుంది.

కూర్చున్నప్పుడు పాటించాల్సిన నియమం ఒకటుంది. 'ఇక్కడ నొక్కండి' అని చెప్పకూడదు. 'నిన్న అమ్మిన వడ్ల లెక్క ఇందులో రాయండి' అని పని అప్పజెప్పి, నోరు మూసుకుని చూడాలి. వేలు ఎక్కడ తచ్చాడిందో అక్కడే లోపముంది. 'బాగుందా?' అని అడిగితే మన దగ్గర ఎవరూ బాలేదనరు. 'ఎక్కడ ఇబ్బందైంది?' అని అడిగితే చెబుతారు.

తెలుగువాళ్లు ఇదివరకే చేసిన పని

ఒంటరిగా మొదలుపెట్టిన పనికి తోడు వెతుక్కోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కంప్యూటర్లో తెలుగు నిలబడిందే అలా. ఇరవై ఏళ్ల కిందట తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటులో ఉండేవి. ఆ ఫాంటు లేకపోతే అక్షరం ముక్క కనిపించేది కాదు. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ' అనే ఉపకరణాన్ని వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాకు పునాది వేసిందీ ఆయనే. పద్మ కోడ్‌ను దాచుకోకుండా అందరికీ అందుబాటులో ఉంచారు. దాన్ని ఆధారం చేసుకుని 2006లో వీవెన్ 'లేఖిని'ని తెచ్చారు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే పక్కన తెలుగు కనిపించే ఆ చిన్న పేజీ లేకపోతే అప్పట్లో ఎందరో తెలుగులో రాయడం మొదలుపెట్టేవారే కాదు. దాని వెనక కంపెనీ లేదు, పెట్టుబడి లేదు. వాడినవాళ్లే లోపాలు చెప్పారు, వాళ్లే పదిమందికి నేర్పారు.

ఆ నేర్పడం ఎలా జరిగిందో చూస్తే కామారెడ్డి కుర్రాళ్లకు దారి కనిపిస్తుంది. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో తెలుగు కంప్యూటింగ్ ఇష్టపడేవాళ్లు కలుసుకునేవారు. 'ఈ-తెలుగు' అనే సంస్థగా ఏర్పడి హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టారు. పుస్తకాలు కొనడానికి వచ్చినవాళ్లను ఆపి, కంప్యూటర్లో తెలుగు టైపు చేసి చూపించారు. పుస్తకాల కోసం వచ్చేవాళ్లకే తెలుగు టైపింగ్ అవసరమని వాళ్లు గుర్తించారు. తెలుగు వికీపీడియాలో ఇవాళ లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో మన మండలాల్లోని గ్రామాల గురించి రాసినవీ ఉన్నాయి. రాసినవాళ్లకు జీతాలు లేవు.

'స్వేచ్ఛ' సంస్థది మరో తోవ. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తేవడానికి ఆ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఇంజినీరింగ్ కాలేజీల్లోకి వెళ్లింది. విద్యార్థులు అనువదించారు, ఇన్‌స్టాల్ చేసి చూశారు, తప్పులు పట్టారు. ఈ మధ్య తెలుగు కథలు చెప్పే ఏఐ నమూనా కోసం పాత కథల పాఠాన్ని సరిచూసే పనిలోనూ వేలమంది విద్యార్థులు పాలుపంచుకున్నారు.

సేద్యం విషయంలో ప్లాంటిక్స్ మంచి ఉదాహరణ. ఆకు ఫొటో తీస్తే తెగులేదో చెప్పే ఈ యాప్‌ను రాసింది జర్మనీలో. తెలుగు నేల మీద పనికి రావాలంటే తెలుగు పొలాల ఫొటోలు కావాలి, ఇక్కడి తెగుళ్లు తెలిసినవాళ్లు కావాలి. అందుకే వాళ్లు హైదరాబాద్ శివార్లలోని ఇక్రిశాట్‌తో, ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంతో చేతులు కలిపారు. 2017లో తెలుగు రూపం వచ్చింది. కామారెడ్డిలో యాప్ రాసేవాళ్లకు ఆ దూరం లేదు. రుద్రూర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మండలంలో వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు.

ఇంట్లోంచే మొదలైనవి

బయటి ప్రపంచంలోనూ ఇదే వరస. 1991 ఆగస్టు 25న హెల్సింకిలో 21 ఏళ్ల విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అప్పటికే ఉన్న మినిక్స్ అనే సిస్టమ్‌లో ఏం నచ్చుతుందో ఏం నచ్చదో చెప్పమని, దాన్ని వాడేవాళ్లకు సందేశం పంపాడు. అతను రాసిందే లినక్స్, దాని మీదే ఇప్పుడు మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ నడుస్తున్నాయి. అతను అడిగిన తీరు చూడండి. 'నా పని ఎలా ఉంది' అని అడగలేదు, 'మీరు ఇప్పుడు వాడుతున్నదాంట్లో ఏం కావాలి' అని అడిగాడు.

2009లో వాట్సాప్ మొదటి రూపాన్ని వాడిచూసింది దాన్ని రాసిన జాన్ కూమ్ మిత్రుడు అలెక్స్ ఫిష్‌మన్ రష్యన్ స్నేహితులు. అది అప్పటికి సందేశాలు పంపే యాప్ కానే కాదు. 'మీటింగ్‌లో ఉన్నా', 'జిమ్‌లో ఉన్నా' అని స్టేటస్ పెట్టుకోవడానికి చేసింది. ఆ స్నేహితులు స్టేటస్‌లనే మాటామంతీకి వాడుకోవడం మొదలుపెట్టారు. దాన్ని గమనించిన కూమ్ యాప్‌నే మెసెంజర్‌గా మార్చేశాడు. ఇంగ్లిష్ మాటను ఊహించే వర్డిల్ ఆటను జోష్ వార్డిల్ తన సహచరి పాలక్ షా కోసం రాశాడు. దాదాపు 12,000 ఐదక్షరాల మాటల్లోంచి నలుగురికీ తెలిసినవాటిని సుమారు 2,500గా ఏరింది ఆమే. తర్వాత ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆడించారు. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది, రెండు నెలలకు 3 లక్షలు. 2022 జనవరి ఆఖర్లో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది.

రాజస్థాన్‌లోని అల్వర్‌లో ఇమ్రాన్ ఖాన్ అనే బడిపంతులు పిల్లల కోసం యాభైకి పైగా విద్యా యాప్‌లు రాసి ఉచితంగా ఇచ్చారు. 2015 నవంబర్‌లో లండన్ వెంబ్లీ సభలో ప్రధాని ఆయన పేరు ప్రస్తావించడంతో దేశమంతటికీ తెలిసింది. ఆయనకు తరగతి గదే ప్రయోగశాల.

కలిసి చేసేవాళ్లు ఎక్కడ?

టెస్టర్ దొరికాక పనిలో భాగస్వామి కావాలి. ఇక్కడే చాలామంది ఇంకో కోడ్ రాసేవాడి కోసం వెతుకుతారు. ఒంటరి యాప్‌లకు కొదవ ఎక్కువగా వేరే చోట ఉంటుంది. చక్కని తెలుగు రాసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, ఆ రంగం లోతు తెలిసినవాళ్లు కావాలి. పాడి లెక్కల యాప్ అయితే కామారెడ్డిలోనే డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. పోటీ పరీక్షల యాప్ అయితే జిల్లా గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రిదాకా గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లను మించిన పరీక్షకులు లేరు. ఒక్క ప్రశ్నకు జవాబు తప్పుంటే నిమిషంలో పట్టుకుంటారు. బీడీలు చుట్టే మహిళల రోజువారీ లెక్కల యాప్ అయితే ఆ వాడల్లోకి వెళ్లాలి. మద్నూర్, జుక్కల్ వైపు మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లున్నారు. కామారెడ్డి పట్టణంలో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. యాప్‌ను ఇంకో భాషలోకి తేవాలంటే హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

కోడ్ సాయం కావాలంటే భిక్కనూరులోని తెలంగాణ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్, కామారెడ్డి ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నాయి. ఏటా ప్రాజెక్టు పని కోసం అంశాలు వెతుక్కునే విద్యార్థులకు పక్కనే నడుస్తున్న నిజమైన యాప్ దొరికితే ఇద్దరికీ లాభం. అధ్యాపకుల అనుమతితో ఒక గంట యాప్‌ను చూపించి, 'ఇదిగో ఈ మూడు పనులు మిగిలాయి, ఎవరైనా చేస్తారా?' అని అడగాలి. 'సాయం కావాలి' అంటే ఎవరూ కదలరు. 'వాన పడితే నెట్ లేకున్నా లెక్క దాచుకునే భాగం రాయాలి, రెండు వారాల పని' అంటే చెయ్యి లేస్తుంది.

తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో మొదలుపెట్టిన 'ఇంటింటా ఇన్నోవేటర్' మరో చోటు. ఎంపికైన ఆవిష్కరణలను ఆగస్టు 15న జిల్లా కేంద్రంలో ప్రదర్శిస్తారు. అక్కడ జిల్లా అధికారులు, ఉపాధ్యాయులు, తోటి ఆవిష్కర్తలు ఒకేచోట కలుస్తారు. ఎల్లారెడ్డి నుంచి సుమారు 40 కిలోమీటర్లు వచ్చి ఆ ఒక్కరోజు నిలబడితే నెలల తరబడి వెతికినా దొరకని పరిచయాలు దొరుకుతాయి.

అన్నిటికంటే నమ్మకమైన భాగస్వామి సాధారణంగా టెస్టర్లలోంచే వస్తాడు. అడగకుండానే స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లు, 'ఇది ఇలా ఉంటే బాగుండు' అని రెండోసారి ఫోన్ చేసేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను వదులుకోకూడదు.

కాగితం మీద పెట్టుకోవాల్సినవి

స్నేహంతో మొదలైన పని డబ్బు రాగానే తగవుగా మారడం అన్ని వ్యాపారాల్లో చూసేదే. యాప్‌కూ అది వర్తిస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతిగా పరిగణిస్తారు. జీతానికి కాకుండా స్నేహంగా రాసిన కోడ్ మీద మొదటి హక్కు రాసినవారిదే. ఆ హక్కు ఇంకొకరికి దక్కాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాబట్టి ఎవరు ఏ పని చేస్తారు, యాప్ ఎవరి ఖాతాలో ఉంటుంది, ఆదాయం వస్తే ఎలా పంచుకుంటారు, ఒకరు తప్పుకుంటే ఏం జరుగుతుంది అన్న నాలుగు సంగతులు ఒక్క పేజీలో తెలుగులోనే రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే చాలు. డబ్బు ఆశ లేకపోతే పద్మ లాగా కోడ్‌ను బహిరంగంగా ఉంచొచ్చు. ఎంఐటీ, జీపీఎల్ లాంటి లైసెన్సులు అందుకే ఉన్నాయి. ఎంఐటీ కింద ఇచ్చిన కోడ్‌ను ఎవరైనా తమ సొంత యాప్‌లో కలుపుకోవచ్చు. జీపీఎల్ కింద ఇస్తే, దాని మీద కట్టి పంచిపెట్టే యాప్ కోడ్‌ను కూడా తెరిచి ఉంచాలి.

టెస్టర్ల వివరాలు దాచే బాధ్యత కూడా యాప్ రాసినవాళ్లదే. వడ్ల లెక్క యాప్‌కు ఫోన్‌లోని కాంటాక్టులతో పనిలేదు, లొకేషన్‌తో పనిలేదు. పనిలేని అనుమతి అడగొద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. బడిపిల్లల చేత యాప్ పరీక్ష చేయించేవాళ్లు ముందు ఇంటివాళ్లను, ప్రధానోపాధ్యాయులను అడగాలి. సాయం చేసినవాళ్ల పేర్లను, వాళ్ల సమ్మతితో, యాప్‌లోని 'గురించి' పేజీలో పెట్టాలి. దానికి ఖర్చేమీ కాదు, వాళ్లకు మాత్రం గుర్తుండిపోతుంది.

ఈ వ్యాసం చదివేవాళ్లలో యాప్ రాసేవాళ్లు కొద్దిమందే ఉండొచ్చు. టెస్టర్లు కాగలిగినవాళ్లు మాత్రం అందరూ. మీ వీధిలోని అమ్మాయో, మీ షాపులో రీచార్జి చేసే అబ్బాయో తమ యాప్ వాడి చూడమని అడిగితే కాదనకండి. ఏపీకే ఫైలు పంపితే తెరవొద్దు, ప్లేస్టోర్ ఆహ్వానం పంపమని చెప్పండి. ఆ లింకు ప్లే.గూగుల్.కామ్‌తో మొదలైందో లేదో చూసి, మనిషి తెలిసినవాళ్లేనని రూఢి చేసుకుని చేరండి. చేరాక పద్నాలుగు రోజులు తీసేయకుండా ఉంచండి, రోజుకు రెండు నిమిషాలైనా వాడండి. నచ్చనిది మొహమాటపడకుండా చెప్పండి. కాలేజీల అధ్యాపకులు, గ్రంథాలయ అధికారులు నెలకో సాయంత్రం ఇలాంటి పిల్లలకు ఒక గది, ఒక గంట ఇవ్వగలిగితే కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ ఎన్నో యాప్‌లు ల్యాప్‌టాప్ దాటి జనం చేతుల్లోకి వస్తాయి.